కొయోటీస్ చరిత్రని అరిజోనాకే ఉంచండి: ఎన్‌హెచ్‌ఎల్ కమిషనర్‌కి, జట్ల యజమానులకి బహిరంగ లేఖ

కమిషనర్ గ్యారీ బెట్‌మన్ గారికి, ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్ జట్ల యజమానులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్‌లో మీరు అరిజోనా కొయోటీస్ జట్టుని ఫీనిక్స్ నుంచి తీసుకెళ్ళి యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీలో పెట్టారు. ఆటగాళ్ళు వెళ్ళారు, కోచ్ వెళ్ళాడు, డ్రాఫ్ట్‌లో కుర్రాళ్ళని ఎంచుకునే హక్కులూ వెళ్ళాయి. పేరు, రికార్డులు, చరిత్ర మాత్రం వెళ్ళలేదు. యూటాని కాగితాల మీద కొత్త జట్టుగా రాసుకున్నారు, కొయోటీస్‌ని పక్కన పెట్టి తాళం వేశారు. ఐదేళ్ళలోపు అరిజోనాలో కొత్త అరీనా కడితే మళ్ళీ తెరుచుకోవచ్చని అప్పటి యజమాని అలెక్స్ మెరువేలోకి హక్కు ఇచ్చారు గానీ, అరీనా కోసం ఆయన కన్నేసిన ఉత్తర ఫీనిక్స్ ప్రభుత్వ భూమి వేలం జూన్‌లోనే రద్దయింది, ఆయన చేతులెత్తేశాడు. మరి 1996 నుంచి 2024 దాకా ఇక్కడ జరిగిందంతా ఇప్పుడు ఎవరిది? యూటా మాది కాదంటుంది, ఫీనిక్స్‌లో జట్టే లేదు. నేను రాస్తున్నది దీని గురించే. పోయిన జట్టుని రేపే తిరిగి ఇచ్చేయమని అడగడం లేదు.

ఇంగ్లిష్‌లో ఒక ప్రతి మీ ఆఫీసుకి వస్తుంది. తెలుగులో రాయడానికి కారణం, ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్, గిల్బర్ట్ చుట్టుపక్కల మా తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు, చిప్ ఫ్యాక్టరీల కోసమో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసమో వచ్చి ఇళ్ళు కొనుక్కుని ఉండిపోయినవాళ్ళం. ఎడారిలో ఐస్ హాకీ ఏమిటి, పోతే పోయిందిలే అనే మాట మాలో కూడా వినిపిస్తోంది. వాళ్ళు కూడా ఇది చదవాలి. ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు: గోలీతో కలిపి ఒక్కో వైపు ఆరుగురు, 20 నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు, గట్టి రబ్బరు పక్, చుట్టూ అద్దాల గోడ, సీజన్‌కి ఒక్కో జట్టు 80కి పైగా మ్యాచ్‌లు. అంతే.

ఈ జట్టు మాకు కొత్తగా పుట్టి రాలేదు, కెనడాలోని విన్నిపెగ్ నుంచి వచ్చింది. అక్కడ దాని పేరు జెట్స్. 1972లో డబ్ల్యూహెచ్‌ఏ అనే పోటీ లీగ్ మొదలైనప్పుడు, షికాగోలో మీ లీగ్‌కే పెద్ద స్టార్‌గా ఉన్న బాబీ హల్‌ని పది లక్షల డాలర్ల బోనస్ ఇచ్చి ఎత్తుకొచ్చుకున్న జట్టు అది. తర్వాత స్వీడన్ నుంచి ఆండర్స్ హెడ్‌బర్గ్, ఉల్ఫ్ నిల్సన్ వచ్చి హల్ పక్కన ఆడారు. యూరప్ కుర్రాళ్ళు మెత్తగా ఆడతారని వెక్కిరించే రోజుల్లో ఆ ముగ్గురూ కలిసి ఆటనే మార్చేశారు. 1978 జనవరిలో జెట్స్ సోవియట్ జాతీయ జట్టుని 5-3తో ఓడించింది, హల్ మూడు గోల్స్ కొట్టాడు. ఆ లీగ్ కప్పుని మూడుసార్లు గెలుచుకుని 1979లో మీ లీగ్‌లోకి వస్తే, మీరేం చేశారు? ఉన్న ఆటగాళ్ళలో నలుగుర్ని తప్ప అట్టిపెట్టుకోనివ్వలేదు. ఆ దెబ్బకి 1980-81లో వరసగా 30 మ్యాచ్‌లు గెలుపు లేకుండా గడిపారు, సీజన్ మొత్తంలో గెలిచింది 9. ఆ చెత్త రికార్డు ఇప్పటికీ చెరగలేదు. అలా పట్టిక అడుగున ఉన్నందుకే డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక దక్కి డేల్ హావర్‌చుక్ వచ్చాడు, ఆ ఊరికి దేవుడైపోయాడు.

ఇంకో పేరు చెప్పకుండా ముందుకెళ్ళలేను. 1992-93లో ఫిన్లండ్ కుర్రాడు టీము సెలానె, వచ్చిన మొదటి సీజన్‌లోనే 76 గోల్స్ కొట్టాడు. కొత్త ఆటగాడికి అంతకు ముందున్న రికార్డు మైక్ బాసీది, 53. దాన్ని దాటిన రాత్రి సెలానె చేతి గ్లోవ్ తీసి గాల్లోకి విసిరి, స్టిక్‌ని తుపాకీలా పట్టుకుని దాన్ని కాల్చినట్టు అభినయించాడు. ఆ వీడియో ఇప్పుడు చూసినా ఒళ్ళు పులకరిస్తుంది. అంతటివాడిని 1996 ఫిబ్రవరిలో అనహైమ్‌కి ఇచ్చేశారు. కొన్ని నెలలకే జట్టూ ఊరు వదిలింది. అంతకు ముందు ఏడాది జట్టు పోకుండా ఆపాలని విన్నిపెగ్ జనం వీధుల్లోకి వచ్చారు, పిల్లలు ముంతలు పగలగొట్టి చిల్లర తెచ్చిచ్చారు. అయినా ఆగలేదు.

కాబట్టి బెట్‌మన్ గారూ, ఇంకో ఊరు ఏడిస్తే మాకు జట్టు వచ్చిందని మాకు తెలుసు. అందుకే ముందు విన్నిపెగ్ మాట చెబుతున్నాను. హావర్‌చుక్ ఫీనిక్స్‌లో కొయోటీస్ తరఫున ఒక్క మ్యాచ్ ఆడలేదు. అయినా ఆయన 10 నంబర్ గౌరవంగా మా అరీనాలో వేలాడింది. ఆయన విగ్రహం 2022లో విన్నిపెగ్‌లో పెట్టుకున్నారు, ఎందుకంటే వాళ్ళ మనిషి. కానీ అట్లాంటా నుంచి 2011లో అక్కడికి వెళ్ళిన ఇప్పటి జెట్స్‌కి పాత జెట్స్ లెక్కలు చెందవు, వాళ్ళ లెక్క అట్లాంటాతో మొదలవుతుంది. ఏ ఊరివాళ్ళు ఎవరిని చూసి అరిచారో, ఎవరి కోసం ఏడ్చారో దానితో మీ రికార్డుల పుస్తకానికి సంబంధమే లేదు. 1979 నుంచి 1996 దాకా విన్నిపెగ్‌లో ఆడినదంతా విన్నిపెగ్‌కి ఇచ్చేయండి. మేమేమీ అనుకోం, సంతోషిస్తాం.

ఇక మా సంగతి. 1996లో వచ్చినప్పుడు బాస్కెట్‌బాల్ కోసం కట్టిన అమెరికా వెస్ట్ అరీనాలో దింపారు. ఐస్ రింక్ అందులో సరిగ్గా పట్టలేదు. ఒక చివర పై సీట్లలో కూర్చుంటే దగ్గరి గోల్ కనబడదు, టికెట్ కొని సగం ఆట చూడాలి. అయినా జనం వచ్చారు. కీత్ కచుక్ ఆ మొదటి సీజన్‌లోనే 52 గోల్స్‌తో లీగ్ మొత్తానికి మొదట నిలిచాడు. జెరెమీ రోనిక్ ఉన్నాడు, గోల్‌లో నికొలాయ్ ఖబిబులిన్ ఉన్నాడు. సీజన్ చివర కప్పు కోసం ఆడే ప్లేఆఫ్స్ వస్తే అందరూ తెల్ల బట్టలు వేసుకొచ్చే అలవాటు విన్నిపెగ్ నుంచి వాళ్ళతోపాటే వచ్చింది, ఫీనిక్స్ ఎండకి అది ఇంకా బాగా సరిపోయింది. కచుక్ కొడుకులు మాథ్యూ, బ్రేడీ ఇద్దరూ ఇక్కడ స్కాట్స్‌డేల్‌లో పుట్టినవాళ్ళే, ఈ రోజు మీ లీగ్ పోస్టర్ల మీద ఉన్నవాళ్ళు.

వీళ్ళందరికంటే ఎక్కువగా మాకు షేన్ డోన్.

1995లో విన్నిపెగ్ డ్రాఫ్ట్ చేసిన అల్బెర్టా పల్లెటూరి కుర్రాడు. ఒక్క ఏడాది అక్కడ ఆడి జట్టుతోపాటు ఇక్కడికొచ్చాడు, 2017 దాకా ఇక్కడే ఆడాడు. 1,540 మ్యాచ్‌లు, 402 గోల్స్, గోల్స్‌కి అందించిన పాస్‌లు కూడా కలిపితే 972 పాయింట్లు, 2003 నుంచి చివరిదాకా కెప్టెన్. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు బయటికి పోయే అవకాశం వచ్చిందో, కప్పు గెలిచే జట్లు ఎన్ని రమ్మన్నాయో హాకీ చూసేవాళ్ళకి తెలుసు. పోలేదు. యజమానులు మారారు, కోర్టు కేసులు నడిచాయి, వచ్చే ఏడాది జట్టు ఇక్కడ ఉంటుందో లేదో తెలియని టెన్షన్‌లో ఆయన ఇల్లు ఇక్కడే, పిల్లలు ఇక్కడే. 2012 జనవరి 7న న్యూయార్క్ ఐలాండర్స్ మీద ఆడుతున్నప్పుడు ఆయనకి 35 ఏళ్ళు, అప్పటికి ఒకే మ్యాచ్‌లో మూడు గోల్స్ ఎప్పుడూ కొట్టలేదు. ఆ రోజు రెండు పడ్డాయి. మ్యాచ్ అయిపోతోంది, గెలుపు ఖాయమైపోయింది, గోల్ పడినా పడకపోయినా ఫలితం మారదు. మూడో గోల్ పడింది. గడియారంలో మిగిలింది సెకనులో పదో వంతు, 0.1. వీడియో చూసి మరీ ఖాయం చేశారు. ఒకే మ్యాచ్‌లో మూడు గోల్స్ కొడితే జనం టోపీలు విసరడం ఆనవాయితీ, టోపీలు ఐస్ మీద కుప్పలుగా పడ్డాయి. 2019 ఫిబ్రవరిలో ఆయన 19 నంబర్‌ని ఇంకెవరూ వేసుకోకుండా పైకి ఎత్తారు. ఇప్పుడు ఆ 19 ఏ అరీనాలో వేలాడాలి, చెప్పండి.

అదే 2012 గురించి మీకు ప్రత్యేకంగా గుర్తుచేయాలి, ఎందుకంటే అప్పుడు ఈ జట్టు యజమాని మీరే. 2009లో అప్పటి యజమాని జెరీ మోయెస్ దివాలా పిటిషన్ వేసి, జట్టుని హామిల్టన్ తీసుకెళ్తానన్న జిమ్ బాల్సిలీకి అమ్మబోతే, మీరే కోర్టులో అడ్డుపడ్డారు. చివరికి 14 కోట్ల డాలర్లకి లీగే కొనుక్కుంది. నాలుగేళ్ళు మీ చేతిలో ఉంది. డబ్బుల్లేవు, పెద్ద పేర్లు లేవు. కోచ్ డేవ్ టిపెట్ మొదటి ఏడాదే 50 మ్యాచ్‌లు గెలిపించాడు, ఆ ఏడు లీగ్‌లో ఉత్తమ కోచ్ అవార్డు ఆయనదే. 2012లో పసిఫిక్ డివిజన్ గెలిచి షికాగోతో తలపడ్డారు, మొదటి ఐదు మ్యాచ్‌లూ ఓవర్‌టైమ్‌కి వెళ్ళాయి, వరసగా ఐదూ. ఆరో మ్యాచ్‌లో గోలీ మైక్ స్మిత్ ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు, 4-0. ఈ ఫ్రాంచైజీ ఒక ప్లేఆఫ్ సిరీస్ గెలవడం 1987 తర్వాత అదే. తర్వాత నాష్‌విల్‌ని కొట్టారు, కాన్ఫరెన్స్ ఫైనల్లో లాస్ ఏంజెలెస్ కింగ్స్ చేతిలో ఓడారు, ఆ కింగ్సే కప్పు ఎత్తారు. జీతాలు లీగ్ ఇస్తూ, జట్టు ఉంటుందో ఊడుతుందో తెలియకుండా ఆడిన ఆటగాళ్ళు అంతదాకా వెళ్ళారు. అది ఏ జట్టు చరిత్రలో అయినా గర్వంగా రాసుకునే పేజీ. ఇప్పుడు దాన్ని రాసుకోవడానికి జట్టే లేదు.

జట్టు రెండో ఇల్లు, ఫీనిక్స్ పక్క ఊరు గ్లెండేల్ కథ నేను ఎక్కువ సాగదీయను, హాకీ చూసేవాళ్ళకి తెలిసిందే. హాకీలో అందరికంటే గొప్పవాడనిపించుకున్న వేన్ గ్రెట్‌స్కీ అంతటివాడు భాగస్వామిగా వచ్చాడు, నాలుగు సీజన్లు కోచ్‌గా ఉన్నాడు, ఒక్కసారీ ప్లేఆఫ్స్ చేరలేదు. 2003 డిసెంబర్లో కొత్త అరీనా గ్లెండేల్‌లో, అంటే ఫీనిక్స్, దాని చుట్టుపక్కల ఊళ్ళున్న లోయకి పడమటి చివర తెరిచారు. టికెట్లు కొనేవాళ్ళలో చాలామంది తూర్పు వైపు ఉంటారు, పనిరోజు సాయంత్రం ఆఫీసు నుంచి బయల్దేరితే మొదటి పీరియడ్ ట్రాఫిక్‌లోనే అయిపోయేది. గ్లెండేల్ నగరం మీకు అరీనా నిర్వహణ కింద ఏడాదికి 2.5 కోట్ల డాలర్లు రెండేళ్ళు ఇచ్చింది, 2013లో కొత్త యజమానులతో 15 ఏళ్ళ ఒప్పందం చేసుకుని రెండేళ్ళకే రద్దుకి ఓటేసింది, 2021లో ఇక చాలు పొమ్మంది. ప్రతిసారీ జనం లేరు, ఎడారిలో హాకీ నడవదు అన్నారు. జనం తప్పు ఎంత, అరీనా సంగతి తేలకుండానే ఒకరి తర్వాత ఒకరు యజమానులని ఆమోదిస్తూ పోయిన మీ బోర్డు తప్పెంత? నన్నడిగితే రెండోదే ఎక్కువ. 1996 నుంచి 2024 దాకా ఈ జట్టుకి సొంత ఇల్లు అనదగ్గది ఒక్కటి కూడా సరైన చోట కట్టలేదు.

చివరి రెండు సీజన్లు ఫీనిక్స్ పక్కనున్న టెంపీలో, అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళ మల్లెట్ అరీనాలో ఆడించారు. సీట్లు 4,600. లోకమంతా నవ్వింది. మొదట్లో వచ్చిన జట్లకి డ్రెస్సింగ్ రూమ్ కూడా పూర్తికాలేదు, పరదాలు కట్టి సర్దారు. అది కట్టేలోపు మా వాళ్ళని వరసగా 14 మ్యాచ్‌లు బయట ఊళ్ళలో తిప్పారు. కానీ అక్కడ ఒక్కసారి ఆట చూసినవాళ్ళని అడగండి. ఎక్కడ కూర్చున్నా ఐస్ దగ్గరే, స్కేట్ గట్టిగా తిప్పితే గీరుకున్న చప్పుడు వినబడేది, గోలీ తన డిఫెన్స్‌ వాళ్ళ మీద అరిచిన మాటలు వినబడేవి, అద్దానికి మనిషి గుద్దుకుంటే మన సీటు అదిరేది. ఒక మూల స్టూడెంట్లు మ్యాచ్ మొత్తం నిలబడే ఉండేవాళ్ళు. ఆ 14 మ్యాచ్‌ల తర్వాత ఇంటికొచ్చిన మొదటి రాత్రి, 2022 డిసెంబర్ 9న, ఆ ఏడు ఎవరికీ లొంగని బోస్టన్‌ని 4-3తో ఓడించారు, ఇంకొన్ని సెకన్లు ఉందనగా లాసన్ క్రౌజ్ కొట్టాడు గెలుపు గోల్. మరుసటి ఏడాది ఏం చేశారో కూడా మీ రికార్డుల్లో చూడండి: వెగస్, టాంపా బే, కొలరాడో, సెయింట్ లూయిస్, వాషింగ్టన్, అంటే అంతకు ముందు కప్పు గెలిచిన ఐదు జట్లని వరస ఐదు మ్యాచ్‌ల్లో కొట్టారు. లీగ్ చరిత్రలో అంతకు ముందు ఎవరూ చేయనిది, 4,600 సీట్ల కాలేజీ రింక్‌లో సర్దుకుంటున్న జట్టు చేసింది.

2023 మే 16న టెంపీ ఓటర్లు కొత్త అరీనా ప్రతిపాదనలు మూడింటినీ తిప్పికొట్టారు. అది వాళ్ళ హక్కు, వాళ్ళ భూమి, వాళ్ళ పన్నులు. నేను వాళ్ళని తప్పుపట్టను. ఏడాది తిరక్కుండా జట్టు పోయింది, చివరి మ్యాచ్ 2024 ఏప్రిల్ 17న, ఎడ్మంటన్‌ని 5-2తో గెలిచారు. ఆట అయిపోయాక ఎవరూ కదల్లేదు. ఆటగాళ్ళు ఐస్ మీదే ఉండిపోయి స్టిక్‌లు పంచిపెట్టారు, పెద్దపెద్ద మనుషులు ఏడుస్తూ నిలబడ్డారు. మర్నాడే మీ బోర్డు అమ్మకాన్ని ఆమోదించింది, 120 కోట్ల డాలర్లకి.

అందులో 20 కోట్లు మీ మిగతా యజమానులకి పంచారు. ఆ డబ్బులో ఒక్క శాతం ఇక్కడి పిల్లల రింక్‌లకి పెట్టినా ఎంత తేడా వచ్చేదో! ఎందుకంటే ఈ 28 ఏళ్ళలో జట్టు ఇక్కడ వదిలిపెట్టిన అసలు ఆస్తి పిల్లలే. ఆస్టన్ మాథ్యూస్ స్కాట్స్‌డేల్‌లో పెరిగాడు, చిన్నప్పుడు కొయోటీస్ మ్యాచ్‌లకి వెళ్ళి డోన్‌ని చూసి హాకీ పట్టుకున్నాడు, 2016లో టొరంటో తరఫున ఆడిన మొదటి మ్యాచ్‌లోనే నాలుగు గోల్స్ కొట్టాడు. ఇప్పుడు అదే జట్టుకి కెప్టెన్. మాథ్యూ నైస్ ఫీనిక్స్ కుర్రాడు. మా చాండ్లర్ అమ్మాయి లిండ్సీ ఫ్రై 2014 సోచి ఒలింపిక్స్‌లో అమెరికాకి వెండి పతకం తెచ్చింది, వెనక్కొచ్చి అరిజోనా కచినాస్ పేరుతో ఆడపిల్లల జట్లు నిలబెట్టింది. డోన్ కొడుకు జాష్, ఇక్కడే పుట్టి ఇక్కడే స్కేటింగ్ నేర్చుకుని, నాన్న 19ని తిరగేసి 91 వేసుకుని, 2024 మార్చి 26న మల్లెట్‌లో తన మొదటి మ్యాచ్‌లోనే రెండు గోల్స్ కొట్టాడు. జట్టు పోవడానికి అప్పటికి మూడు వారాలే ఉంది.

మా వీధిలో తెలుగు పిల్లలు ఇద్దరు ముగ్గురు ఐస్ డెన్ రింక్‌కి వెళ్తారు. బయట 45 డిగ్రీలు మండుతుంటే లోపలికి స్వెట్టర్ వేసుకుని వెళ్ళాలి, అమ్మలు చున్నీలు కప్పుకుని బెంచీల మీద కూర్చుంటారు, పెద్ద హాకీ సంచి పిల్లాడి కంటే పొడుగ్గా ఉంటుంది. వీళ్ళకి నచ్చిన ఆటగాడు ఎవరంటే ఒకప్పుడు క్లేటన్ కెల్లర్ అనేవాళ్ళు. ఇప్పుడు కెల్లర్ యూటా కెప్టెన్. ఆయన కొయోటీస్ కోసం కొట్టిన గోల్స్ ఈ పిల్లలు చూశారు, కాబట్టి అవి లెక్కలోంచి మాయమైపోకూడదు.

నేను అడిగేవి ఇవి. కొయోటీస్ పేరు, ఇక్కడి ఆదివాసీల కచినా బొమ్మల తరహాలో గీసిన ఆ లోగో, 1996 నుంచి 2024 దాకా ఉన్న రికార్డులు, డోన్ 19తో సహా గౌరవించిన నంబర్లు, ఇవన్నీ అరిజోనాకే ఉంటాయని, ఇంకే ఊరికీ ఇంకే వ్యాపారానికీ ఇవ్వమని రాతపూర్వకంగా ప్రకటించండి. రేపు ఎప్పుడైనా ఇక్కడ మళ్ళీ జట్టు పెడితే అది సున్నా నుంచి మొదలవ్వకూడదు, ఆగిన చోటు నుంచి మొదలవ్వాలి. ఇది చేయలేని పనేమీ కాదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో 1996లో క్లీవ్‌లండ్ బ్రౌన్స్ జట్టు పోయినా పేరు, రికార్డులు ఊళ్ళోనే ఉంచారు, 1999లో మళ్ళీ అదే పేరుతో ఆడారు. బాస్కెట్‌బాల్‌లో షార్లట్ హార్నెట్స్‌కి 2014లో పాత పేరుతోపాటు పాత చరిత్ర కూడా వెనక్కిచ్చారు. వాళ్ళ లీగ్‌లు చేసినది మీ లీగ్ ఎందుకు చేయలేదు?

రెండో మాట. స్థలం చేతిలో లేకుండా, నగరం అనుమతి లేకుండా, కట్టడానికి డబ్బు ఎక్కడిదో తేలకుండా ఎవరికీ ఫీనిక్స్ జట్టుని అమ్మకండి. ముందు అరీనా, తర్వాతే జట్టు. అది కూడా లోయ తూర్పున కట్టమనే అడుగుతాను, ఎందుకో పైన చెప్పాను. ఆలస్యమైనా పర్వాలేదు, ఎదురుచూస్తాం. మళ్ళీ ప్రతి వేసవిలో ఉంటారా పోతారా అని పేపర్లు తిరగేసే బతుకు మాత్రం మా పిల్లలకి వద్దు.

ఇంతలో చేయగలిగింది ఒకటుంది, దానికి ఏ ఓటింగూ అక్కర్లేదు. ఏడాదికి ఒకటో రెండో మ్యాచ్‌లు ఫీనిక్స్‌లో ఆడించండి. యూటా వాళ్ళే రానక్కర్లేదు, టొరంటో వచ్చినా సరే, మాథ్యూస్‌కి అది సొంతూరు. వచ్చే డబ్బుని ఇక్కడి రింక్‌లకి, ఆడపిల్లల జట్లకి, స్కేట్స్ కొనలేని పిల్లలకి ఇవ్వండి.

మీ నుంచి జవాబు కోసం చూస్తుంటాను. ఇది చదివిన తెలుగువాళ్ళలో కొయోటీస్ మ్యాచ్‌కి ఒక్కసారైనా వెళ్ళినవాళ్ళు ఉంటే, మీ పేరుతో మీ మాటల్లో లీగ్‌కి ఒక ఉత్తరం రాయండి.

ఇట్లు,
చాండ్లర్ నుంచి ఒక కొయోటీస్ అభిమాని